పొలుసు చూడ్డానికి ఎంత అద్దం కావాలి?

గతవారం నూకరత్నం ఆ ప్లాస్టిక్ గొట్టానికి కన్ను ఆనించిన చోట ఆగాం.

ఇంట్లో ఎవరూ లేరప్పుడు. భర్త త్రిమూర్తులు వేటకెళ్ళి సముద్రం మీదున్నాడు. పదేళ్ళ కూతురు పావని బడిలో సైన్సు ప్రదర్శన నుంచి తలకొట్టేసినట్టయి తిరిగొచ్చింది. బాబాయి తెప్పించిచ్చిన మైక్రోస్కోప్‌లో ఎవరికీ ఏమీ కనపడలేదు. తోటిపిల్లలు నవ్వారు. ఇంటికొచ్చి ఆ పెట్టెని ఎండుచేపల గంప వెనక పడేస్తే, "బాబాయి అంత ప్రేమగా తెప్పిస్తే నీకు కుదురుగా చూడ్డం చేతకాక వస్తువు మీద కోపమా?" అని నూకరత్నం చెంప మీద ఒక్కటిచ్చింది. పిల్ల ఏడవకుండా బయటికెళ్ళిపోయింది. కోపం చల్లారాక, అసలు ఇందులో ఏముందో చూద్దామని తల్లి ఒక్కతే ఆ పెట్టె విప్పింది.

ముందు ఆమెకి తన కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి, పెద్ద గడ్డిపోచల్లాగా. వాటి వెనక గంజిలాంటి వెలుతురు. పక్కనున్న చక్రం కొంచెం తిప్పింది. గంజి కాస్తా కుడితయింది. ఇంకొంచెం తిప్పింది. గొట్టం మొత్తం ఒక పక్కకి ఒరిగి, వెలుతురు కూడా పోయింది. చేత్తో పట్టుకుంటే వణుకుతుంది, వదిలేస్తే జారిపోతుంది. పెట్టెతో పాటు వచ్చిన ప్లాస్టిక్ పలక మీద 'తేనెటీగ రెక్క' అని ఇంగ్లీషులో ఉంది. ఆ రెక్క కోసం నూకరత్నం మెడ నొప్పెట్టేదాకా వెతికింది. ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో తిప్పి, గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి ఎండలో పెట్టి చూసింది. అంత సేపటికీ దొరికింది ఒక నల్లటి మచ్చ. అది రెక్కో, అద్దం మీది మురికో తేలలేదు.

ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. తరవాత ఆ కోపం మెల్లగా వెనక్కి తిరిగి తనమీదికే వచ్చింది. పిల్ల నెల రోజుల నుంచీ దీంతోనే కుస్తీ పడుతోందా? ఇదిగో వస్తోంది, ఇప్పుడు కనపడుతుంది అనుకుంటూ, రోజూ బడి నుంచి రాగానే దీని ముందు కూర్చుని!

అంతా ప్రసన్నకుమారి టీచరు గారు క్లాసులో చెప్పిన ఒక్క మాటతో మొదలైంది. చేప పొలుసుని మైక్రోస్కోప్‌లో చూస్తే గీతలుంటాయని, వాటిని బట్టి చేప వయసు చెప్పొచ్చని. నరసాపురం మార్కెట్లో చేపలమ్మే తల్లికి, సముద్రం మీదికెళ్ళే తండ్రికి పుట్టిన పిల్ల ఆ మాట విని ఎలా ఊరుకుంటుంది? ఆ రోజు నుంచి తల్లి తెచ్చిన ప్రతి చేప ఒంటి మీదా చెయ్యి వేసి "దీనికెన్నేళ్ళుంటాయమ్మా?" అని అడగడమే.

వీధిలో బండి ఆగింది. దిగినవాడు ఉదయభాస్కర్, త్రిమూర్తులి తమ్ముడు. మొగల్తూరు సెంటర్లో సెల్‌ఫోన్ల షాపు అతనిది. ఊళ్ళో సగంమందికి ఆన్‌లైన్లో వస్తువులు తెప్పించి పెట్టేది అతనే. అన్న కూతురంటే ప్రాణం పెడతాడు.

"ఏంటి వదినా, పాప పక్కింటి అరుగు మీద కూచుంది? పిలిస్తే పలకతల్లేదు."

"ఇలా రా భాస్కర్. ఇందులో చూడు."

"ఏముందందులో?"

"నేనడిగేదీ అదే. ఏముందో నువ్వే చెప్పు."

అతను వంగి ఒక కన్ను మూసి చూశాడు. చక్రం తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. గొంతు సవరించుకున్నాడు.

"కనపడతంది కదా."

"ఏం కనపడతంది?"

"రెక్క."

"ఏ రెక్క?"

"తేనెటీగ రెక్క. దాని మీద రాసుందిగా."

"రాసింది నేనూ చూశాను. నీకు కనపడింది చెప్పు."

ఉదయభాస్కర్ లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. "వదినా, ఇది పన్నెండొందల రెట్లు పెద్దగా చూపిత్తది. నాలుగున్నర స్టార్లున్నాయి దీనికి. చూసే తీసుకున్నాను. కొంచెం ఓపిక పట్టాలి, అంతే. పాపకి కంగారెక్కువ."

"స్టార్లు ఎవరిచ్చారు?"

"కొన్నవాళ్ళు."

"ఇందులోంచి చూసి ఇచ్చారా, పెట్టె మీద బొమ్మ చూసి ఇచ్చారా?"

అతను ఫోను తీసి ఏదో వెతకసాగాడు. అదొక్కటే అతని చేతికి తెలిసిన పని.

"తిరిగి పంపెయ్," అంది నూకరత్నం.

"గడువు దాటిపోయింది వదినా."

"మరి నెల రోజులూ పిల్ల నీకు చెప్పలేదా, కనపడతల్లేదని?"

"చెప్పింది," అన్నాడు నెమ్మదిగా. "నీకే చూడ్డం రావట్లేదన్నాను."

నూకరత్నం ఇంకో మాట అనబోయి ఆగిపోయింది. తనన్నదీ అదే. పైగా చెయ్యి కూడా చేసుకుంది.

ఆమె పక్కింటి అరుగు దగ్గరికెళ్ళింది. పావని మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చుంది. "తప్పు నీది కాదమ్మా, ఆ వస్తువుది. మంచిది కొందాం. నేనే దగ్గరుండి కొంటాను," అంది. పిల్ల కళ్ళెత్తలేదు.

"నాకొద్దులే అమ్మా మైక్రోస్కోపు."

ఏడ్చి గోల చేసినా బాగుండేది. కావాలని దెబ్బలాడినా బాగుండేది. అంత చిన్న గొంతుతో, అంత మర్యాదగా వద్దనేసరికి నూకరత్నం పిల్ల పక్కనే అరుగు మీద కూర్చుండిపోయింది. ప్రతి చేప వయసూ అడిగిన పిల్ల ఆ వారంలో ఒక్క చేప గురించీ అడగలేదు.

* * *

కొందామని అన్నంత తేలిక కాదు కొనడం.

భీమవరం వెళ్ళినప్పుడు ఒక బొమ్మల షాపులో అడిగింది. ఆకుపచ్చ పెట్టెలో అదే గొట్టం, అదే చక్రం. "ఇది వేరే కంపెనీ అండి," అన్నాడు షాపతను. కళ్ళజోళ్ళ షాపులో భూతద్దం చేతిలో పెట్టారు. ల్యాబ్ సామాన్లమ్మే చోట కౌంటరు దగ్గరున్నాయన ఆమె బుట్ట వంక, చీర వంక చూసి, "కాలేజీల ఆర్డర్లే తీసుకుంటామమ్మా," అని కంప్యూటర్ వైపు తిరిగిపోయాడు.

పోనీ ఫోన్లో చూసి నేర్చుకుందామంటే అదింకా పెద్ద అడవి. ఒకడు ఇదే మంచిదంటాడు, ఇంకొకడు అదే చెత్తంటాడు. ఒకటి లక్షకి దగ్గర పడుతుంది, ఒకటి చీర కన్నా తక్కువ. రెండింటి కిందా ఒకే రకం పొగడ్తలు. మార్కెట్లో చేప మొప్ప ఎత్తి చూస్తే తాజాదో కాదో తెలిసిపోతుంది. వీటికి మొప్పెక్కడుంటుంది? ఏది ఎత్తి చూడాలి? తెలియని వస్తువు కొనడానికి వెళ్ళినవాళ్ళని ఇంత తేలిగ్గా మోసం చెయ్యొచ్చా అని ఆమెకి ప్రపంచం మీదే విసుగొచ్చింది.

రెండో శనివారం బడికి సెలవు. రాజమండ్రిలో మెయిన్ రోడ్డు వెనక సందులో బడులకీ కాలేజీలకీ సైన్సు సామాన్లమ్మే పాత షాపొకటుందని టీచరు గారు చెప్పారు. నూకరత్నం వ్యాపారానికి సెలవు పెట్టేసి, రానన్న పిల్లని బలవంతాన బయల్దేరదీసింది. "నేనూ వత్తాను వదినా, ఈసారి నేనే దగ్గరుండి చూత్తాను," అని ఉదయభాస్కర్ తయారయ్యాడు. వద్దనలేకపోయింది.

నరసాపురంలో బస్సెక్కి, పాలకొల్లు, సిద్ధాంతం దాటి, గోదావరి మీదుగా రాజమండ్రి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. దారంతా పావని కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. ఒళ్ళో ఒక చిన్న రేకు డబ్బా. అందులో ఏముందని తల్లి అడిగితే "ఏం లేదు" అంది.

షాపులో కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది. అద్దాల బీరువాల్లో గాజు గొట్టాలు, ఒక మూల వేలాడుతున్న అస్థిపంజరం. కౌంటరు వెనక షాపు యజమాని చంద్రరావు గారు విసనకర్ర ఊపుకుంటూ కూర్చున్నారు. అరవై దాటినాయన. చెమటకి చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

"ఏంటమ్మా?"

"మైక్రోస్కోపు కావాలండి. మా పాపకి."

ఆయన పావని వంక చూశారు. "పిల్లలాడుకునేవి ఇక్కడుండవమ్మా. ఎదర సందులో బొమ్మల షాపుంది, అక్కడ దొరుకుతాయి."

"ఆడుకోడానికి కాదండి. చూడ్డానికి."

ఉదయభాస్కర్ ముందుకొచ్చి ఫోను చాపాడు. "సార్, మా దగ్గర పన్నెండొందల రెట్లది ఉందండి. మీ దగ్గర రెండువేల రెట్లది ఉందా? బడ్జెట్‌లో వచ్చేది."

చంద్రరావు గారు ఫోను వంక చూడనైనా చూడలేదు. "ఆ పన్నెండొందల్లో ఏం కనపడింది బాబూ?"

ఉదయభాస్కర్ ఫోను వెనక్కి తీసుకున్నాడు.

"పొద్దున్నుంచి మీరు మూడోవారు. అందరికీ అంకె కావాలి. మసకని పన్నెండొందల రెట్లు పెంచితే పెద్ద మసకవుతుంది. అంతకన్నా ఇంకేమవుతుంది?" అని విసుక్కుంటూ లేచి, లోపలికెళ్ళి ఒక మైక్రోస్కోప్ తెచ్చి బల్ల మీద పెట్టారు. బరువుగా, నల్లగా, ఇనుముతో చేసినట్టుంది. "తక్కువలో కావాలన్నారు గనక ఇది చూడండి. కాలేజీ సరుకే, సెకండ్‌హ్యాండ్‌ది. సగం ధరకి వస్తుంది."

ఇనుము చూడగానే నూకరత్నానికి ప్రాణం లేచొచ్చింది. ఇది ఒరిగిపోదు. చక్రం పట్టుకుంటే గట్టిగా, నింపాదిగా కదిలింది. ఆయన గుమ్మం వైపు జరిపి, కిందున్న చిన్న అద్దాన్ని ఎండకి తిప్పి, చూడమన్నారు. ఆమె చూసింది. తెల్లటి గుండ్రటి వెలుతురు. అందులో సన్నటి దారాలు, కొమ్మలు కొమ్మలుగా పాకినట్టు.

"ఏంటండీ ఈ దారాలు? మీరు పెట్టిన వస్తువా?"

"ఇంకా ఏమీ పెట్టలేదమ్మా. అది అద్దంలో పట్టిన బూజు. మన గాలిలో తేమెక్కువ కదా, పెట్టెలో మూసి ఉంచితే అద్దాలకి బూజు పట్టేస్తుంది."

"ఇది పోతుందాండీ, తుడిస్తే?"

"లోపలి అద్దానికి పట్టింది. పోదు."

"తెలిసే చూపించారా మాకు?"

"తక్కువలో అన్నారుగా," అన్నారాయన, అది చాలా సబబైన మాటలాగా.

పక్కనుంచి ఉదయభాస్కర్ మెల్లగా, "పోనీ వదినా, ఆన్‌లైన్లో ఇంకోటి చూద్దాం, ఈసారి రివ్యూలు బాగా చదివి..." అంటున్నాడు.

ఇన్ని రోజులుగా లోపల కుక్కుకున్నదంతా నూకరత్నానికి ఒక్కసారిగా గొంతులోకి వచ్చేసింది.

"నువ్వు ఊరుకో భాస్కర్!" అని ఆమె చంద్రరావు గారి వైపు తిరిగింది. "తక్కువలో కావాలంటే చెత్త ఇమ్మని కాదండి. తక్కువలో కావాలన్నానంటే నాకు రెండోసారి కొనే స్తోమత లేదని. డబ్బున్నాయన తప్పు వస్తువు కొంటే ఇంకోటి కొనుక్కుంటాడు. నాకా వీల్లేదు. కాబట్టి మిగతావాళ్ళకన్నా మంచిది చూపించాల్సింది నాకండి. ఇదెక్కడి న్యాయం? భీమవరం వెళ్తే బొమ్మ చూపించారు. ఇక్కడికొస్తే బూజు చూపిస్తున్నారు. మా పిల్ల నెల రోజులు ఆ దిక్కుమాలిన గొట్టంలో చూసి చూసి, బడిలో నవ్వులపాలై, ఇంక నాకొద్దు అంటోంది. పదేళ్ళ పిల్ల! ఒకటి కావాలని మొదటిసారి నోరు తెరిచి అడిగిన పిల్ల. దానికి ఏం తెలిసింది చెప్పండి? అడిగితే ఇంతే దొరుకుతుందని తెలిసింది."

వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ఆగి చూశారు. ఉదయభాస్కర్ నేలచూపులు చూస్తున్నాడు. పావని తల్లి చీర కొంగు పట్టుకుని లాగింది. "పదమ్మా, వెళ్ళిపోదాం."

చంద్రరావు గారు విసనకర్ర బల్ల మీద పెట్టారు. కోపం వస్తుందనుకుంది నూకరత్నం. కోపం రాలేదు. ఆయన బూజు పట్టిన మైక్రోస్కోప్‌ని పక్కకి జరిపి, కౌంటరు మీదికి వంగారు.

"ఏం పేరమ్మా?"

"పావని అండి," అంది పిల్ల, వినీ వినపడనట్టు.

"ఏం చూద్దామని అడిగావు మైక్రోస్కోపు?"

నూకరత్నం ఉలిక్కిపడింది. భీమవరంలో ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. ఆన్‌లైన్లో వెయ్యలేదు. ఎంతలో కావాలని అడిగారు, ఎన్ని రెట్లని అడిగారు. ఏం చూడాలన్నది ఇంతవరకూ లెక్కలోకే రాలేదు.

పావని కాసేపు తటపటాయించింది. రేకు డబ్బా మూత తీసి కౌంటరు మీద పెట్టింది. అందులో ఎండిన చేప పొలుసులు, పీత డెక్క ఒకటి, పొట్లంలో చుట్టిన గండుచీమ. వద్దు వద్దంటూనే ఇవన్నీ మూటగట్టుకుని వచ్చిందా అనుకుని నూకరత్నం మొహం పక్కకి తిప్పుకుంది.

"ఇది పండుగప్ప పొలుసండి," అంది పావని. "దీని మీద గీతలుంటాయంట. వాటిని బట్టి దాని వయసు తెలుస్తదంట. టీచరు గారు చెప్పారు."

"పొలుసా!" చంద్రరావు గారు ఉదయభాస్కర్ వైపు తిరిగారు. "విన్నావా బాబూ? పొలుసుకి పన్నెండొందలెందుకు? పాతిక ముప్ఫై రెట్లు చాలు, నలభై అయితే బ్రహ్మాండం. అంతకు మించితే గీతల మధ్యలో పడి గీత కనపడకుండా పోతుంది. ఊరంతా చూద్దామని వచ్చి ఇటికరాయికి ముక్కు ఆనించి నిలబడినట్టు." ఆయన లోపలికి వెళుతూ ఆగారు. "అమ్మా, మీరన్నది నిజమే. ముందు అడగాల్సింది నేనే. కూర్చోండి."

ఈసారి తెచ్చింది కొత్తది. బడిపిల్లలకని చేసిన చిన్న మైక్రోస్కోప్. ఒంటి కంటితో చూసేదే, కానీ ఒళ్ళంతా లోహం, అద్దాలు గాజువి. నలభై నుంచి నాలుగొందల రెట్ల దాకా వెళుతుంది. "దీన్లో ఎక్కువ రెట్లున్న అద్దాన్ని ఓ రెండేళ్ళ దాకా ముట్టుకోనివ్వకండి. చిన్నదాంతోనే మొదలెట్టాలి," అన్నారు. ధర చెప్పారు. నూకరత్నం కొంగున కట్టుకొచ్చిన డబ్బులోనే వస్తుంది. అయినా ఆమె తొందరపడలేదు.

"ముందు పిల్ల చూడాలండి. దానికి కనపడితేనే కొంటాను."

"అలాగే చూడమనండి. చూడకుండా కొనమనేవాడి దగ్గర అసలు కొనకూడదు."

ఆయన గాజుపలక మీద నీటి చుక్క వేసి, పొలుసుని దాంట్లో పరిచి, పైన ఇంకో పలచటి గాజు కప్పారు. గుమ్మంలోంచి వచ్చే ఎండని కింది అద్దంతో పట్టారు. పావని స్టూలెక్కింది. భయం భయంగా ఎడమ కన్ను ఆనించింది. చక్రం మీద వేలు పెట్టాలంటే జంకు. ముట్టుకుంటే అంతా పోతుందని ఆ ప్లాస్టిక్ గొట్టం నేర్పిన జంకు అది.

"తిప్పమ్మా. అదేం పారిపోదు. నెమ్మదిగా."

తిప్పింది. ఇంకా తిప్పింది. ఈసారి కూడా మాట్లాడకుండా దిగిపోతుందేమోనని నూకరత్నం స్టూలు దగ్గరికి జరిగింది.

"అమ్మా," అంది పావని. కన్ను తియ్యలేదు. "అమ్మా, గీతలు! ఒకదాని చుట్టూ ఒకటి... బోల్డున్నాయమ్మా. వేలిముద్రలాగా ఉన్నాయి. అమ్మా, నువ్వు చూడు. కాదు, ఉండు, ఇంకా నేను చూడలేదు!"

ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. నూకరత్నం నవ్వబోతే కళ్ళు నిండాయి. చివరికి తన వంతు వచ్చి ఆమె వంగి చూసింది. పెళ్ళికి ముందునుంచీ చేపలు బాగుచేస్తున్న చెయ్యి ఆమెది. కత్తిపీట చుట్టూ రాలిన పొలుసులు ఊడ్చి బయట పారెయ్యడమే తెలుసు. ఒక్కొక్కదాని మీదా ఇంత ముగ్గుందా!

"పావనీ," అన్నాడు ఉదయభాస్కర్ మొహమాటంగా, "బాబాయికి చూపించవా?"

పిల్ల స్టూలు దిగి చోటిచ్చింది. అతను చాలాసేపు చూశాడు. లేచి, పిల్ల తల మీద చెయ్యి వేశాడు. "నీకు చూడ్డం వచ్చు. నాకే కొనడం రాలేదు." నూకరత్నం వైపు తిరిగి, "తిట్టినా పర్లేదు వదినా," అన్నాడు.

"తిట్టడం అయిపోయిందిలే," అంది ఆమె.

బేరం కూడా ఆడబుద్ధి కాలేదు. గాజుపలకలు కొన్ని ఊరికే ఇమ్మంటే ఆయన సరేనన్నారు. బూజు పట్టకుండా పెట్టెలో కాకుండా గాలి తగిలే చోట గుడ్డ కప్పి ఉంచమని చెప్పారు. షాపు కుర్రాణ్ణి లోపలినుంచి పెట్టె తెమ్మని కేకేసి, ఎదురు చూసే లోపల చంద్రరావు గారికి ఇంకేదో ఉత్సాహం పుట్టింది. బీరువా తాళం తీసి, రెండు గొట్టాల మైక్రోస్కోప్ ఒకటి జాగ్రత్తగా దింపారు.

"ఇది కొనమని కాదమ్మా, దీని ధర వేరు. ఇంత ఆశపడ్డ పిల్ల కదా, ఒకసారి చూస్తుందని. దీన్లో వస్తువుని కొయ్యక్కర్లేదు, పలకల మధ్య పెట్టక్కర్లేదు. ఉన్నదున్నట్టు కింద పెట్టెయ్యడమే. రెండు కళ్ళతో చూస్తాం గనక ఎత్తుపల్లాలు తెలుస్తాయి."

పొట్లం విప్పి గండుచీమని పెట్టారు. ముందు నూకరత్నం చూసింది. చూసి, "అమ్మో!" అని వెనక్కి తగ్గింది. చీమ దున్నపోతంతై కొమ్ములు చాచి ఎదురుగా నిలబడి ఉంది. మీదికి దూకేలా ఉంది. ఉదయభాస్కర్ అయితే చూస్తూ చూస్తూ ముందుకి వేలు చాపి, చీమని తాకబోయి, వేలు ఎక్కడో గాలిలో ఆడించాడు. అందరూ నవ్వారు.

"ఇప్పుడు నువ్వు," అన్నారు చంద్రరావు గారు.

పావని చూసింది. "బాగుందండి," అంది.

"భయమెయ్యలేదూ?"

"ఎందుకండి? పుస్తకంలో బొమ్మలాగా ఉంది."

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "బొమ్మలాగా కాదమ్మా. లేచి నించున్నట్టుండాలి. రెండు కళ్ళూ ఆనించావా?" గొట్టాల మధ్య ఎడం తగ్గించి, పిల్ల మొహానికి సరిపోయేలా సర్దారు. "ఇప్పుడు?"

"అలాగే ఉందండి."

"ఉండు." ఆయన ఎడమ గొట్టం మీద అరచెయ్యి అడ్డుపెట్టారు. "ఇప్పుడెలా ఉంది?"

"ఇప్పుడు కనపడతల్లేదండి. మసగ్గా ఉంది."

"కుడి గొట్టానికేదో అయినట్టుందే," అని గొణుక్కుంటూ ఆయన వంగి తనే చూశారు. ఏమీ అనకుండా నూకరత్నాన్ని పిలిచారు. "అమ్మా, మీరు కుడి కంటితో దీన్లోంచి చూడండి."

నూకరత్నం చూసింది. చీమ కాలి మీది ముళ్ళు కూడా తేటగా కనపడుతున్నాయి.

"బాగానే ఉందండి."

ఆయన పావనిని మళ్ళీ రమ్మన్నారు. ఈసారి తొందరపడకుండా, ఎంతో నెమ్మదిగా చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ, కనపడిన చోట చెప్పమన్నారు. పిల్ల బుద్ధిగా చూసింది. చెప్పలేదు. చక్రం ఆ చివరి దాకా వెళ్ళింది, ఈ చివరి దాకా వచ్చింది. కుర్రాడు పెట్టె తెచ్చి కౌంటరు మీద పెట్టాడు గానీ ఎవరూ అటు చూడలేదు.

చంద్రరావు గారు మైక్రోస్కోప్ పక్కకి జరిపేశారు. జేబులోంచి చేతిరుమాలు తీసి, "ఇది నీ ఎడమ కంటికి అడ్డం పెట్టుకోమ్మా," అని, గోడ మీదున్న క్యాలెండర్ వైపు వేలు చూపించారు. చేతి వెడల్పు అంకెలున్న క్యాలెండర్ అది. "అక్కడ ఏముంది?"

పావని కుడి కన్ను చికిలించి గోడ వైపు చూసింది. తరవాత రుమాలు దించేసి, ఇంత తెలిసినాయన ఇదేం ప్రశ్న వేస్తున్నాడన్నట్టు ఆశ్చర్యంగా చూసింది.

"కుడి కంటితో కనపడదు కదండీ. అందరికీ ఒక కన్నేగా కనపడేది?"

ఉదయభాస్కర్ ఫోను చేతిలోనే ఉండిపోయింది. నూకరత్నం కౌంటరు అంచు గట్టిగా పట్టుకుంది.

పిల్ల ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. చివరికి తల్లి దగ్గర ఆగి, మొదటిసారిగా గొంతులో అనుమానంతో అడిగింది:

"అమ్మా, నీకు రెండూ కనపడతాయా?"